బావగారి పూల శాఖ

పదవీ విరమణ చేసిన అధికారి ఇంటికి పండుగ వస్తోందంటే చుట్టాలు కాస్త జాగ్రత్తగా ఉండాలి. మా బావగారికి ఆఫీసులో ఒక విభాగం మొత్తం చేతికింద ఉండేది. ఇప్పుడు ఇంట్లో మా అక్క ఉంది గానీ, ఆవిడ ఎవరి చేతికిందా ఉండే మనిషి కాదు. దాంతో ఈసారి ఆయన చూపు పూల మీద పడింది.

"కొన్న దండలు, తళుకు కాగితాలు ఏవీ వద్దు. నాలుగు పూలు, నాలుగు పచ్చని కొమ్మలు చాలు. గంటలో అయిపోయే పని," అని ప్రకటించి, ఆ గంట పనికి నన్ను ముందురోజు తెల్లవారుజామునే రమ్మన్నారు.

వెళ్లేసరికి భోజనాల బల్ల మీద కాలు పెట్టే చోటు లేదు అనాలనిపించేలా సరంజామా పరిచి ఉంది. గులాబీలు, కార్నేషన్లు, ట్యూలిప్‌లు, డాఫొడిల్స్, పెరట్లోంచి నరుక్కొచ్చిన కొమ్మలు, వీటన్నిటి మధ్యా దర్జాగా లిల్లీలు. లిల్లీలంటే మాలల్లో గుచ్చే సన్నటి తెల్లపూలు కావు. అరచేయంత వెడల్పున ఆరు రేకులు విప్పుకుని, నడుమ గోధుమరంగు పుప్పొడి తిత్తులు వేలాడేసుకునే రకం. ఆ తిత్తులను గుర్తుపెట్టుకోండి. వాటితో పని ఉంది.

పూల పక్కన కత్తెర, ఇనుప తీగ చుట్ట, సుత్తి. సుత్తి ఎందుకో నేను అడగలేదు. బావగారిని ప్రశ్న అడిగితే జవాబు పూర్తయ్యేలోగా పూలు వాడిపోతాయి.

అది కాడలకట. కాడ చివరలు చితగ్గొడితే నీళ్లు బాగా పీలుస్తాయని ఎవరో చెప్పారట. ఆ చప్పుడుకు వృక్షశాస్త్రం చదువుతున్న మా మేనకోడలు నిద్రలేచి వచ్చింది.

"నాన్నా, కాడలో వెంట్రుకల్లాంటి గొట్టాలుంటాయి. నీరు ఎక్కేది వాటిలోంచే. నువ్వు వాటినే నుజ్జు చేస్తున్నావు."

"ఒత్తిడి పెట్టనిదే ఏ పనీ జరగదమ్మా," అన్నారు బావగారు. ఆ మాట విని ఆఫీసులో ఎందరు ఉసూరుమన్నారో పాపం.

పిల్ల నన్ను పక్కకు లాగి అసలు పద్ధతి చెప్పింది. పదునైన కత్తితో కాడను ఏటవాలుగా కోయాలి, అదీ నీళ్లలో ముంచి ఉంచి. బయట కోస్తే ఆ గొట్టాల్లోకి గాలి చొరబడి బుడగ కట్టి, నీటికి దారి మూసేస్తుంది. నీటిలో మునిగే భాగంలో ఒక్క ఆకు కూడా ఉంచకూడదు, కుళ్లుతుంది. నేను గులాబీలన్నీ బకెట్‌తో సహా పెరటి వైపు చేరవేసి, ఆ పని అత్యంత రహస్యంగా ముగించాను. పండుగ నాటికి బతికి బట్టకట్టినవాటిలో అవీ ఉన్నాయి.

ఇక నీళ్ల సంగతి. పూలతో పాటు ఇచ్చే చిన్న పొడి పొట్లాల్లో మూడు రకాల సరుకు ఉంటుంది. పువ్వుకు ఆహారంగా చక్కెర, నీరు తేలిగ్గా ఎక్కడానికి కాస్త ఆమ్లం, క్రిములు పెరగకుండా మందు. బావగారికి ఇందులో చక్కెర ఒక్కటే నచ్చింది. "మిగతావి రసాయనాలు," అని వాటిని తోసిపుచ్చి వాజుల్లో చెంచాలకొద్దీ చక్కెర పోశారు. క్రిములకు అంతకన్నా విందు ఏముంటుంది? మర్నాటికి వాజుల్లో నీళ్లు కుడితిలా తయారయ్యాయి.

అన్నిటికన్నా చూడముచ్చటైన ఘట్టం ఆకుపచ్చ ఫోమ్ ఇటుకది. బల్ల నడుమ పెట్టే పూల అమరికకు పునాది అదే. 1950లలో అమెరికాలో పుట్టిన ఈ సరుకును నీళ్లమీద ఊరికే వదిలేయాలి. నిమిషం అటూ ఇటూగా తనంతట తానే నీళ్లు తాగి మునుగుతుంది. వదిలేసి ఊరుకోవడం అన్నదే బావగారికి చేతకాని విద్య.

"తనంతట తాను జరిగిన పని నా సర్వీసులో ఒక్కటీ చూడలేదోయ్," అంటూ రెండు బొటనవేళ్లతో ఇటుకను అదిమి నీళ్లలోకి తొక్కేశారు. బుడబుడమని చప్పుడైంది. పైపొర ముదురాకుపచ్చగా మారి నిండా తడిసినట్టే కనబడింది. లోపల మాత్రం గాలి చిక్కుకుపోయి ఇటుక పొడిపొడిగానే ఉండిపోయింది. ఆ సంగతి పైకి తెలియదు. అందులో గుచ్చిన పువ్వుకు తెలుస్తుంది.

గుచ్చాక మొదలైంది బదిలీల పర్వం. "ఈ కార్నేషన్ ఇక్కడ బాగాలేదు, అటు మార్చు. దీన్ని వెనక్కు పంపు. దానికి ముందువరసలో చోటివ్వు." మార్చిన ప్రతిసారీ ఇటుకలో ఒక బొక్క. చివరికి బొక్కలే మిగిలి, పువ్వులు నిలబడటానికి ఇటుక లేకుండా పోయింది. రాలిన ఆకుపచ్చ పొడి ఊడ్చింది నేనే. అది మట్టిలో కలిసే రకం కాదు, ప్లాస్టిక్కు ముక్కలే.

డాఫొడిల్స్‌నూ ట్యూలిప్‌లనూ ఒకే వాజులో పెట్టవద్దని పిల్ల మొత్తుకుంది. డాఫొడిల్ కాడనుంచి కారే జిగురు పక్కవాటికి చేటు. వాటిని కొన్ని గంటలు వేరే నీళ్లలో ఉంచి, మళ్లీ కాడ కోయకుండా అప్పుడు కలపాలి. "కలిసి పనిచేయడం నేర్చుకోవాలి," అని బావగారు తీర్పు చెప్పారు. పైగా రంగు కలుస్తుందని కార్నేషన్ల నడుమ బాగా మగ్గిన ఆపిల్ పళ్లు పేర్చారు. పండే పండు ఇథిలీన్ అనే వాయువును వదులుతుంది. పూర్వం వీధి దీపాల గొట్టాల్లోంచి గ్యాసు కారితే చుట్టుపక్కల చెట్లు ఆకులు రాల్చేసేవి. అందులో అసలు దోషి ఈ ఇథిలీనే అని నెల్యుబోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1901లో తేల్చాడు. కార్నేషన్లకైతే అది బొత్తిగా పడదు. రేకులు లోపలికి ముడుచుకుని పడుకుంటాయి. ఇదంతా పిల్ల చెప్పింది. "1901 సంగతులు ఇప్పుడెందుకు?" అన్నారు ఆయన.

పండుగ పొద్దున హాల్లోకి వచ్చి చూస్తే ఎవరి దారి వారిదే. కార్నేషన్లు ఆపిల్ పళ్ల మీద తలలు వాల్చి నిద్రపోతున్నాయి. ట్యూలిప్‌లు కోశాక కూడా పెరుగుతాయి, వెలుతురు వైపు వంగుతాయి. రాత్రికి రాత్రే మెడలు సాచి, మూకుమ్మడిగా కిటికీకేసి తిరిగి, వచ్చేవాళ్లకు వీపు చూపిస్తున్నాయి. బావగారు వాజును తిప్పి పెట్టారు. సాయంత్రానికి అవి మళ్లీ కిటికీ వైపే.

లిల్లీలు మాత్రం బుద్ధిగా విచ్చుకుని ఉన్నాయి. వాటినే గుమ్మం పక్కన పెట్టించారు, ఎందుకంటే ఆ పూట భోజనానికి వస్తున్నది ఆయన పాత పై అధికారి.

అధికారి మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాలో వచ్చారు. "ఆహా, ఏం పూలు! ఇంట్లోనే చేశారా?" అంటూ వంగి, ముక్కు నేరుగా లిల్లీలో పెట్టి గాఢంగా వాసన పీల్చారు. లేచేసరికి ముక్కు కొస పసుపుగోధుమ రంగుకు తిరిగింది. చొక్కా జేబు పైన అదే రంగులో బొట్టంత మరక.

"సర్, కదలకండి!" అన్నారు బావగారు.

లిల్లీ పుప్పొడి అంటితే నీళ్లు తగలనివ్వకూడదు, చేత్తో రుద్దకూడదు. అంటుకునే టేపుతో అద్ది తీసేయాలి. అసలు పువ్వు విచ్చగానే ఆ తిత్తులను తుంచి పారేస్తే ఏ గొడవా ఉండదు. ఇంట్లో పిల్లి ఉంటే ఈ రకం లిల్లీని గుమ్మమే తొక్కనివ్వకూడదు. ఒంటిమీద రాలిన పుప్పొడిని నాకినా దాని మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్ల టేపు పట్టుకుని పరుగెత్తుకొచ్చేలోగా బావగారు తడిగుడ్డ పుచ్చుకుని పని మొదలుపెట్టేశారు. బొట్టంత మరక ముందు అరచేయంత అయింది. ఇంకాస్త శ్రద్ధగా రుద్దడంతో భుజం దాకా పాకింది. "పోతోంది సర్, పోతోంది," అంటూనే ఉన్నారాయన. పోతున్నమాట నిజమే, పైకి పోతోంది.

చొక్కా గొడవలో ముక్కును అందరూ మరిచారు. గుర్తొచ్చాక చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పై అధికారి ముక్కు గురించి మాట్లాడటం ఎవరి పరిధిలోకి వస్తుంది? ఆయన ఆ ముక్కుతోనే భోంచేశారు, ఆ ముక్కుతోనే మాకందరికీ క్రమశిక్షణ మీద నాలుగు మాటలు చెప్పారు, ఆ ముక్కుతోనే ఫొటో దిగారు. మా అక్క మాత్రం వడ్డన మధ్యలో వంటింట్లోకి పరుగెత్తి, పైట నోట్లో కుక్కుకుని కాసేపు అక్కడే ఉండిపోయింది.

పండుగ అయ్యాక వాజులన్నీ ఖాళీ చేశారు. వీధి తలుపుకు కట్టిన కొమ్మల వలయం ఒక్కటే మిగిలింది. పెరటి కొమ్మలను గుండ్రంగా వంచి ఇనుప తీగతో బిగించింది బావగారే. మొదటిరోజు దానిలోంచి చీమల బారు దిగి హాలంతా తిరిగొచ్చినా, తన చేతి పని కదా అని తీయనివ్వలేదు. అది ఎండి, ఆకులు ముడుచుకుని, మెత్తగా గుబురుగా తయారైంది. ఓ చిన్న పిట్ట నాలుగు వైపులా పరిశీలించి, నచ్చి, పుల్లలు తెచ్చి పేర్చి గుడ్లు పెట్టేసింది.

అప్పటినుంచి వీధి తలుపు తెరవడం నిషేధం. ఆ మేరకు బావగారు కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టి, గేటుకు అతికించారు. పాలవాడు, పేపరువాడు, నేను, అందరం ఇంటిని చుట్టి పెరటి తలుపులోంచి వంటింటి మీదుగా వస్తున్నాం. పిట్ట ఎప్పుడు వెళ్లిందో, ఎప్పుడు వచ్చిందో ఆయన కిటికీలోంచి చూసి చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. వేళకు వచ్చి వేళకు వెళ్లే ఉద్యోగిని ఇన్నాళ్లకు చూశానని మురిసిపోతున్నారు కూడా.

నిన్న పై అధికారి ఫోన్ చేశారట, ఈ ఆదివారం మళ్లీ వస్తానని. ఆయనను పెరటి దారిన రమ్మని చెప్పే బాధ్యత బావగారు నాకు అప్పగించారు. అంట్లు తోమే చోటు దాటుకుని రావాలన్న సంగతి కూడా ముందే విన్నవించుకోమన్నారు.