సైనికుడి ఇంటికి అండ

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం. 1949 నుంచి ఏటా జరుపుకొంటున్నాం. ఆ రోజున, ఆగస్టు పదిహేనున, జనవరి ఇరవయ్యారున సేవా క్లబ్బులు మాజీ సైనికులను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాయి. అది మంచి సంప్రదాయం, కొనసాగాల్సిందే. తమను ఊరు మరిచిపోలేదన్న తృప్తి ఆ పెద్దల ముఖాల్లో కనిపిస్తుంది. అయితే తిరుపతి, చిత్తూరు ప్రాంతాల లయన్స్, రోటరీ, వాసవి క్లబ్బుల చేతుల్లో ఇంతకంటే ఎంతో ఎక్కువ చేయగల శక్తి ఉంది. సైనిక కుటుంబాలకు ఆ శక్తితో అవసరం పడేది మిగతా 362 రోజుల్లో.

ఉమ్మడి చిత్తూరు జిల్లా దేశానికి ఇచ్చింది తక్కువ కాదు. 1971 యుద్ధంలో గూర్ఖా పటాలాన్ని నడిపి మహావీర చక్ర అందుకున్న మేజర్ జనరల్ సి.వేణుగోపాల్ తిరుపతివారే. ఆ విజయానికి యాభై ఏళ్లయిన సందర్భంగా 2021 ఫిబ్రవరిలో, దేశమంతా తిప్పిన విజయ జ్యోతి ఆయన ఇంటికే వచ్చింది. 2020 నవంబరులో కశ్మీర్‌లోని మాఛిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో పోరాడి ప్రాణాలిచ్చిన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డిది ఐరాల మండలం రెడ్డివారిపల్లె. 2021 డిసెంబరు 8న కూనూరు వద్ద హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తోపాటు అసువులు బాసిన లాన్స్ నాయక్ సాయితేజది కురబలకోట మండలం ఎగువరేగడ. వారి పేర్లు అందరికీ తెలుసు. పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో కొలువు చేసి, ఇంటికొచ్చి, ఏ గుండెపోటుతోనో పక్షవాతంతోనో కన్నుమూసిన సిపాయిల పేర్లు ఊరి పొలిమేర దాటవు. ఈ సంపాదకీయం ముఖ్యంగా ఆ ఇళ్ల గురించే.

ఆ ఇంట్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. భర్త పోయాక కుటుంబ పింఛను కోసం భార్య కాగితాలు బయటికి తీస్తుంది. భర్త సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో ఆమె పేరు లక్ష్మమ్మ. ఆధార్‌లో లక్ష్మీదేవి. బ్యాంకు పాసుబుక్కులో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, రేషన్ కార్డులో మెట్టినింటి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. పుట్టిన తేదీ ఒక కాగితంలో అసలే లేదు, మరోదాంట్లో జనవరి 1. మన పల్లెల్లో ఇది తప్పూ కాదు, మోసమూ కాదు, పేర్లు అలాగే నడిచాయి. కానీ కంప్యూటర్‌కు ఆమె ఇద్దరు వేర్వేరు మనుషులు. సరిచేయాలంటే సైన్యం రికార్డుల్లో ఆ మార్పును నమోదుచేసే పార్ట్-2 ఆర్డర్ పడాలి. అది పడేది భర్త పనిచేసిన దళం రికార్డు ఆఫీసులో. భర్త ఫిరంగి దళంలో చేసి ఉంటే నాసిక్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగం అయితే సికింద్రాబాద్. అక్కడికి అఫిడవిట్ పంపాలి, వాళ్లు రాసిన ఇంగ్లిషు ఉత్తరానికి జవాబివ్వాలి. పాలిథిన్ కవర్లో కాగితాలు పెట్టుకుని ఆమె బ్యాంకుకూ మీసేవకూ నోటరీ దగ్గరకూ చెప్పులరిగేలా తిరుగుతుంది. ప్రతి చోటా ఇంకో కాగితం తెమ్మంటారు. ఆ తిరుగుడులో నెలలు గడిచిపోతాయి, ఇల్లు అప్పుల మీద నడుస్తుంది.

పింఛను మొదలయ్యాక కూడా కథ అయిపోదు. సైనిక పింఛన్లు ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాయి. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పింఛను ఆగుతుంది. వేలిముద్రలు అరిగిపోయిన ముసలితల్లికి, ఓటీపీ వచ్చే ఫోను కొడుకు దగ్గర బెంగళూరులో ఉన్న తండ్రికి అదో గండం.

ఇక్కడే క్లబ్బుల బలం గుర్తుకు రావాలి. వాటిలో సభ్యులెవరు? ఆడిటర్లు, న్యాయవాదులు, డాక్టర్లు, రిటైరైన బ్యాంకు మేనేజర్లు, లెక్చరర్లు. ఆ తల్లికి కావలసింది సరిగ్గా వీళ్లే. వారానికొక పూట, ఊరికి తెలిసిన చోట ఒక బల్ల, ఒక కంప్యూటర్, పక్కన రికార్డు ఆఫీసుతో ఉత్తర ప్రత్యుత్తరాలు తెలిసిన ఒక రిటైర్డ్ సుబేదార్ ఉంటే చాలు. అఫిడవిట్‌కు లాయరు ఉచితంగా సంతకం పెడతారు, ఉత్తరం లెక్చరర్ రాస్తారు, బ్యాంకుకు వెంట ఒకరు వెళతారు. పని పూర్తయ్యేదాకా ఆ కేసు ఒకే మనిషి బాధ్యతగా ఉండాలని మా ప్రత్యేక సూచన. మనిషి మారితే ఆమె తన కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. క్లబ్బుల్లో ఏటా కొత్త కార్యవర్గం వస్తుంది, అధ్యక్షుడితోపాటు కార్యక్రమాలూ మారిపోతాయి. ఈ ఒక్క పనికి ఆ మార్పు అడ్డం రాకూడదు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది కదా అనవచ్చు. ఉంది, దాని పథకాలూ మంచివే. కానీ కుప్పం నుంచి సత్యవేడు దాకా గడప గడపకూ వెళ్లి అర్హులను వెతకడం ఆఫీసు వల్ల అయ్యే పని కాదు. పదిహేనేళ్లు నిండకుండా బయటికొచ్చి పింఛను లేకుండా మిగిలిన ముసలి సిపాయిల విషయమే తీసుకోండి. అరవై అయిదు దాటిన అలాంటివారికి, వారి వితంతువులకు సాయుధ దళాల పతాక దిన నిధి నుంచి ఇచ్చే సాయాన్ని 2025 నవంబరు నుంచి నెలకు రూ.4,000 నుంచి రూ.8,000కు పెంచారు. దరఖాస్తు చేస్తేనే అది వస్తుంది. మాజీ సైనికుల పిల్లల వృత్తి విద్యకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద అబ్బాయికి నెలకు రూ.2,500, అమ్మాయికి రూ.3,000 ఇస్తున్నారు. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఆ సంగతి తెలియక గడువు దాటబెట్టుకునే పిల్లలు ఉండకూడదు. ప్రతి క్లబ్బూ తన చుట్టుపక్కల రెండు మూడు మండలాలను పంచుకుని గ్రామ సచివాలయాల వారీగా జాబితా తయారుచేస్తే చాలు, ఎవరికి ఏది రావాలో తేలిపోతుంది.

కొలువులో ఉన్నవారి ఇళ్లనూ మరవొద్దు. భర్త సరిహద్దులో ఉండగా అత్తకు అర్ధరాత్రి ఊపిరాడకపోతే తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చేదెవరు? ప్రభుత్వం పట్టా ఇచ్చిన డీకేటీ భూమి గట్టు పక్కవాళ్లు జరిపితే తహసీల్దారు ఆఫీసుకు ఎవరు వెళ్లాలి? సెలవు మీద వచ్చిన జవాను తన ముప్పై రోజులూ ఈ తగాదాల్లోనే ఖర్చు చేసుకుని తిరుగు రైలెక్కడం మన జిల్లాలో కొత్త సంగతి కాదు. ఒక ఫోను నంబరు, అవతల ఎత్తి పలికే మనిషి ఉంటే ఆ ఇంటికి కొండంత ధైర్యం.

ఇంకో బాధ్యత ముంచుకొస్తోంది. 2022లో వచ్చిన అగ్నిపథ్ సైనిక నియామక పథకం కింద చేరినవారికి కొలువు నాలుగేళ్లే. నూటికి పాతికమంది వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతావారు సేవానిధి పేరిట ఒకేసారి చేతికందే సుమారు రూ.11.71 లక్షలతో, పింఛను లేకుండా, పాతికేళ్లు నిండీ నిండకుండానే ఊరికి తిరిగొస్తారు. తొలి బ్యాచ్ బయటికొచ్చే కాలం 2026 చివర మొదలవుతుంది. ఆ డబ్బు మీద కన్నేసే చిట్టీలవాళ్లు, రియల్ ఎస్టేట్ దళారులు వాళ్లకంటే ముందే సిద్ధంగా ఉంటారు. మన క్లబ్బుల్లో శ్రీసిటీ పరిశ్రమల యాజమాన్యాలతో పరిచయం ఉన్నవారున్నారు, సొంత వ్యాపారాలున్నవారున్నారు. ఆ కుర్రాళ్ల క్రమశిక్షణకు తగిన పని చూపించడం, చదువు ఆపినచోటి నుంచి డిగ్రీ పూర్తిచేయించడం వారికి సాధ్యమే.

సాయం చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాణ్ణి వేదిక మీద నిలబెట్టి ఫీజు చెక్కుతో ఫొటో తీయించవద్దు. బడిలో తోటిపిల్లలు ఆ ఫొటో చూస్తారు. ఫీజు నేరుగా కళాశాలకు కట్టండి, రసీదు తల్లి చేతికివ్వండి.

వచ్చే పతాక దినం నాటికి తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, పలమనేరు, పుంగనూరు క్లబ్బులు తలా ఒక సహాయ కేంద్రం తెరవాలని, దాని వేళలను పంచాయతీ బోర్డుల మీద రాయించాలని కోరుతున్నాం. జిల్లా కలెక్టర్లు సైనిక సంక్షేమ అధికారితో కలిసి క్లబ్బుల ప్రతినిధులను ఒకసారి కూర్చోబెడితే మండలాల పంపకం ఆ పూటలోనే తేలిపోతుంది.