చేవెళ్ల రోడ్డును ఆపింది మర్రిచెట్లు కాదు

చేవెళ్ల రోడ్డు కథ మళ్లీ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ శివారులోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల జాతీయ రహదారి, రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు, నాలుగు వరుసలకు పెంచాలన్న ప్లాను, చెట్ల కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ)లో కేసు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయాక ఎక్కడ విన్నా ఒకటే ప్రశ్న: చెట్ల కోసం మనుషుల్ని చంపుకుంటారా?

ఆ దారిలో రోజూ తిరిగేవాళ్ల భయం నిజమే. ఎదురుగా టిప్పర్ వస్తుంటే పక్కకు తప్పుకునే జాగా ఉండదు. బస్సెక్కిన పిల్ల ఇల్లు చేరేదాకా అమ్మానాన్నలకు టెన్షనే. రోడ్డు వెడల్పు చేయాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. కానీ అంత అవసరమైన పని ఏళ్ల తరబడి ఎందుకు ఆగిందని అడిగితే చెట్లవైపు వేలు చూపించడాన్ని మాత్రం ఒప్పుకోను. గీత గీయకముందే చూసుకోవాల్సినవి చూసుకోలేదు. అందుకే ఆగింది.

చట్టం కూడా ఈ బద్ధకానికి వీలు కల్పించింది. 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) నోటిఫికేషన్‌లో రహదారి విస్తరణకు 30 కిలోమీటర్ల పొడవు, 20 మీటర్ల అదనపు వెడల్పు హద్దుగా ఉండేవి; అవి దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. 2013లో జాతీయ రహదారులకు ఆ హద్దును 100 కిలోమీటర్లకు, 40 మీటర్లకు జరిపారు. పాత లెక్కలో పొడవు రీత్యా చేవెళ్ల రోడ్డు హద్దు దాటేది. కొత్త లెక్కలో దరిదాపుల్లోకి కూడా రాదు. అనుమతి అక్కర్లేదు కాబట్టి అధ్యయనమూ అక్కర్లేదన్నారు. చివరికి ఆ పని ట్రిబ్యునల్ మెట్ల మీద చేయాల్సి వచ్చింది. 2025 అక్టోబర్ ఆఖర్లో వ్యవహారం కొలిక్కి వచ్చేసరికి తేలిందేమిటి? ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉంటాయి, తప్పనిసరైనవాటిని తవ్వి వేరేచోట నాటుతారు. ఇది తేల్చడానికి కోర్టు ఎందుకు? డ్రాయింగ్ బల్ల దగ్గరే తేలాల్సిన విషయం. ముందే తేల్చుకుని ఉంటే ఈపాటికి రోడ్డు పడేది.

అసలు మన మదింపులో లెక్కపెట్టే తీరే తేడా. మాను మీద సున్నం పట్టీ కొట్టి నంబరు వేస్తారు, కాండం చుట్టుకొలత రాసుకుంటారు, పోయిన ఒక్కో చెట్టుకు బదులు ఇన్ని మొక్కలని రాసేస్తారు. మర్రికి ఈ లెక్క సరిపోదు. మర్రిపండు కావాలంటే దాని లోపల దూరే ఒక చిన్న కందిరీగ జాతి ఉండాలి. ఆ పురుగు బతికేది కొద్దికాలమే. ఒక చెట్టులో కాపు అయిపోయేసరికి దగ్గర్లో ఇంకో చెట్టు కాపుకు రావాలి. చెట్లన్నీ ఒకేసారి కాయవు కాబట్టే ఏడాది పొడవునా పక్షులకు, గబ్బిలాలకు తిండి దొరుకుతుంది. అంటే అక్కడున్నవి 900 చెట్లు కావు, 46 కిలోమీటర్ల పొడవున్న ఒకే తోపు. నర్సరీలోంచి తెచ్చిన కానుగ మొక్కలు దానికి బదులెలా అవుతాయి?

ఇక సంస్కృతి సంగతి. పర్యావరణ అనుమతికి పెట్టే ఫారం-1లో చుట్టూ 15 కిలోమీటర్లలో సాంస్కృతిక విలువ ఉండి చట్టం కింద రక్షణ పొందుతున్న ప్రాంతాలున్నాయా అని అడుగుతారు. చట్టం కింద లేకపోతే? ‘లేవు’ అని రాసి పక్క గడికి వెళ్లిపోవచ్చు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెద పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించాం. అది టూరిస్టు స్పాటు, టికెట్టు ఉంది. చేవెళ్ల మర్రికి టికెట్టు లేదు, అందుకని గొడ్డలి!

ఇదంతా చేతగాక కాదు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికే మునిగిపోబోయే లోయలో తవ్వకాలు మొదలయ్యాయి. 1954 నుంచి 1960 దాకా ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని తవ్వి తీశారు. కొన్ని కట్టడాలను నాగార్జునకొండ మీదికి, కొన్నిటిని దగ్గర్లోని అనుపుకు మార్చారు. శ్రీశైలం ముంపులోని గుళ్లను రాయి రాయీ విప్పి తీసుకెళ్లి కట్టారు. వాటిలో కూడవెల్లి సంగమేశ్వరాన్ని ఇప్పటికీ అలంపురంలో చూడొచ్చు. సాగర్ ఆగిపోయిందా? 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. తిండిగింజలు దిగుమతి చేసుకుంటున్న పేద దేశం చేసిన పని ఇది. లోయ మునిగిందన్నది నిజమే, కానీ ఏం మునుగుతోందో తెలిసి ముంచారు. ఇప్పుడు డబ్బుంది, డ్రోన్లున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి. ఓపికే లేదు.

ఓపిక లేకపోవడానికి కారణమూ ఉంది. మదింపు నివేదిక రాసే కన్సల్టెంటుకు ఫీజు ఇచ్చేది ప్రాజెక్టు కట్టేవాడే. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతం ఇస్తే ఎవరు ఫెయిలవుతారు? ఫీజును ఉమ్మడి నిధిలో జమ చేయించి, కన్సల్టెంటును నియంత్రణ సంస్థ ఎంపిక చేయనంతకాలం ఆ నివేదికలు ఎన్ని పేజీలున్నా అటకెక్కడానికే.

చౌటుప్పల్, ఆమనగల్లు, షాద్‌నగర్ మీదుగా హైదరాబాద్ చుట్టూ వేసే రీజినల్ రింగ్ రోడ్డు దక్షిణ భాగం రాబోతోంది. తెలంగాణ చేలల్లో రాక్షస గుళ్లు (ఆదిమకాలపు రాతి సమాధులు), వీరగల్లులు (వీరుల స్మారక శిలలు) ఎన్నో ఏ జాబితాలోనూ లేకుండా పడి ఉన్నాయి. ఊళ్లలో బొడ్రాళ్లున్నాయి. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది. దాని ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్యానికి ఒక కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. చెట్లు, చెరువులు ఎలాగూ అందులోకే రావాలి, దాని పక్కన ఈ రాళ్లకూ గుళ్లకూ ఇంకో పుస్తకం తెరవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రోడ్డు వెళ్లే ప్రతి ఊళ్లో ఆ రెండు పుస్తకాలనూ గ్రామసభలో చదివి వినిపించాకే హద్దురాళ్లు పాతాలి. ఇందుకు కొన్ని నెలలు పడుతుంది. చేవెళ్ల దారిలో పోయినవి ఏళ్లు.