టులెట్ బోర్డు మీద లేని కులం

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో అద్దె ఇంటికి తిరిగినవాళ్ళకి ఈ వరస తెలుసు. ముందు ఉద్యోగం అడుగుతారు, తర్వాత ఇంట్లో ఎంతమంది అని, ఆ తర్వాత ఇంటిపేరు. దాంతోనూ తేలకపోతే ‘ఇంతకీ మీరెవరండీ?’ అని నేరుగానే అడిగేస్తారు. జవాబు నచ్చకపోతే ‘పొద్దున్నే వేరేవాళ్ళు అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారండీ’ అంటారు. వారం తర్వాత చూసినా గేటుకి ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న టులెట్ బోర్డు అలాగే ఉంటుంది.

ఇది వివక్షేనని పడినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. రాజ్యాంగం లెక్కలో వివక్షేనా అంటే మాత్రం చిక్కు మొదలవుతుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన ఊరు చూసి పౌరుల మధ్య తేడా చూపకూడదని 15(1) అధికరణ శాసించింది ప్రభుత్వాన్ని, ఇంటి ఓనరుని కాదు. ప్రైవేటు వ్యక్తుల దాకా వచ్చేది 15(2). అందులో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. అద్దె ఇల్లు లేదు.

అయితే దుకాణం అన్నది విశాలమైన అర్థంలో వాడామని, సేవలు అందించేవాళ్ళూ అందులోకి వస్తారని అంబేడ్కర్ రాజ్యాంగ సభలోనే వివరించారు. ఆ వివరణ ఆధారంగానే 2011లో సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి రాసిన తీర్పు ప్రైవేటు విద్యాసంస్థలనూ 15(2) కిందికి తెచ్చింది. వీధిలో బోర్డు పెట్టి అద్దెకు పిలిచే ఇంటికి ఇదే సూత్రం ఎందుకు వర్తించకూడదు? వర్తించాలనే నా వాదన. దీనికి అడ్డొచ్చే తీర్పూ ఉంది. పార్శీలకే సభ్యత్వం అన్న హౌసింగ్ సొసైటీ నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ముందు సమానత్వం ఓడిపోయిన ఆ తీర్పుని కోర్టు మళ్ళీ పరిశీలించాలి.

బోర్డు మీద కులం లేదు కదా అనేవాళ్ళు 2021 నాటి నితీషా తీర్పు చదవాలి. ఆర్మీలో మహిళా అధికారుల పర్మనెంట్ కమిషన్ (రిటైరయ్యేదాకా కొలువులో ఉండే హక్కు) కేసు అది. నిబంధన పైకి అందరికీ ఒకేలా కనిపించినా, దెబ్బ ఒక వర్గానికే ఎక్కువగా తగిలి వాళ్ళని ఇంకా వెనక్కి నెడితే అది వివక్షేనని, దురుద్దేశం రుజువు చెయ్యక్కర్లేదని కోర్టు చెప్పింది. ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ చేసే పని సరిగ్గా అదే. దళితులు, ముస్లింలు గేటు దగ్గరే ఆగిపోతారు.

దళితులకు ఒక ఆయుధం ఉంది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నివాసం విషయంలో అంటరానితనం పాటించడాన్ని నేరం చేసింది. పైగా బాధితులు షెడ్యూల్డ్ కులాలవారైతే అది అంటరానితనంతో చేసిందేనని కోర్టు ముందుగా భావించాలి, కాదని నిందితుడే రుజువు చేసుకోవాలి. అయినా ఇల్లు దొరకనివాళ్ళు స్టేషన్ మెట్లెక్కుతారా, ఇంకో వీధిలో ఇల్లు వెతుక్కుంటారా? ముస్లిం కుటుంబానికైతే ఆ చట్టం కూడా అక్కరకు రాదు.

అద్దె చట్టాలు చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు ఉంది. కులం, మతం చూసి ఇల్లు నిరాకరించకూడదని, ఎందుకు నిరాకరించారో ఓనరే చెప్పుకోవాలని అందులో ఒక నిబంధన పెట్టడానికి ఏ తీర్పు కోసమూ ఆగక్కర్లేదు.