నైస్ అన్నవాడికి ఒక నమస్కారం

నలభై పేజీల వ్యాసం పంపితే అర నిమిషంలో 'నైస్' అని జవాబొచ్చిందని ఈమధ్య చాలామంది రచయితలు కుమిలిపోతున్నారు. చదవకుండానే అనేశాడని వాళ్ల ఏడుపు. ఈ అభియోగంలో పస లేదనీ, ముద్దాయి నిర్దోషే కాదు సన్మానార్హుడు కూడా అనీ సాక్ష్యాధారాలతో మనవి చేసుకుంటున్నాను.

ముందుగా వంశవృక్షం. లాటిన్‌లో 'స్కీరె' అంటే తెలుసుకోవడం. దానికి ముందు 'నె' తగిలిస్తే అర్థం తిరగబడుతుంది. 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. ఆ మాట ఫ్రెంచివాళ్ల నోట్లో అరిగి అరిగి, 1300 ప్రాంతంలో నైస్‌గా ఇంగ్లీషులో దిగింది. అప్పుడు దాని అర్థం మూర్ఖుడు, తెలివితక్కువవాడు. పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి ఛాసర్ రాతల్లో ఎవరినైనా నైస్ అంటే పొగిడినట్టు కాదు. 'సైన్స్' కూడా ఆ స్కీరె కడుపున పుట్టిందే. ఇద్దరు పిల్లల్లో ఒకటి చదువుకుంది, రెండోది చదువుకోలేదు. ఇప్పుడు ఎవరి పలుకుబడి ఎక్కువో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మరి వ్యాసం తెరవకుండానే నైస్ అన్న పెద్దమనిషి ఏమన్నట్టు? 'నాకేమీ తెలియదు' అన్నట్టు. ఇంత నిజాయితీగల సమీక్ష ఇంకెవరు రాస్తారు? ధాత్వర్థాన్ని అంత నిష్ఠగా పాటించినవాణ్ణి పట్టుకుని బద్ధకస్తుడంటారా? ఆ మాటకొస్తే మొత్తం చదివి, మూడో పేజీలో తప్పు పట్టి, ఆఖర్న మొహమాటానికి నైస్ అని ముగించేవాళ్లే అసలు భాషాద్రోహులు.

ప్రాసిక్యూషన్ వారు ఇక్కడ లేచి, 'అది పాత సంగతి, మాటకు అర్థం మారింది కదా' అంటారు. మారింది, నిజమే. ఒక్కసారి మారి ఊరుకుంటే గొడవే లేకపోయేది. మూర్ఖుడనే అర్థం నుంచి విచ్చలవిడి మనిషి అనే అర్థానికి జారింది. అక్కణ్ణుంచి ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి అయింది. తర్వాత సున్నితం, ఆ తర్వాత వెంట్రుకవాసి తేడా పట్టుకునే సూక్ష్మం. షేక్‌స్పియర్ రోమియో జూలియట్ నాటకంలో ఒక సన్యాసి, ఆ ఉత్తరం నైస్ కాదు, అందులో చాలా ముఖ్యమైన సంగతి ఉంది అని వాపోతాడు. అంటే అక్కడ నైస్‌కి అర్థం అల్పమైనది, పట్టించుకోనక్కర్లేనిది. ఇవాళ ఎవరైనా మీ ఉత్తరం నైస్‌గా ఉందంటే ఏ శతాబ్దం లెక్కన అన్నారో కనుక్కుని సంతోషించండి.

ఇంతకీ నా ప్రధాన సాక్షి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు. అర్థాలు చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న ఆ సంపాదకులు, 16, 17 శతాబ్దాల నాటి చాలా ప్రయోగాల్లో రచయిత ఈ మాటను ఏ అర్థంలో వాడాడో చెప్పడం కష్టమని రాసేశారు. నిఘంటుకారులే చేతులెత్తేసిన చోట, ఫోన్ పట్టుకుని బస్సులో నిలబడ్డ మనిషిని 'నువ్వు ఏ ఉద్దేశంతో అన్నావు?' అని నిలదీయడం ఏం న్యాయం? దురుద్దేశం రుజువు కావాలంటే ముందు ఏదో ఒక ఉద్దేశం ఉండాలి.

'బాగుంది, ఇంపుగా ఉంది' అనే అర్థం 18వ శతాబ్దంలోగానీ స్థిరపడలేదు. అది స్థిరపడీ పడగానే ఫిర్యాదులూ మొదలయ్యాయి. 1817 చివర్లో వచ్చిన 'నార్తాంగర్ అబే' నవలలో జేన్ ఆస్టెన్ ఈ పంచాయితీ పెట్టేసింది. కథానాయిక తనకు నచ్చిన నవల ఒకటి ఎంతో నైస్ పుస్తకం కదా అంటుంది. ఆమెతో మాట్లాడుతున్న హెన్రీ అనే యువకుడు వెంటనే, నైస్ అంటే శుభ్రంగా ఉందనా, అదైతే బైండింగ్‌ని బట్టి ఉంటుంది అంటాడు. పక్కనే ఉన్న చెల్లెలు, నీకు నైస్ ఉన్నంత తెలివి లేదని అన్నగారిని దెప్పుతుంది. అక్కడ నైస్ అంటే వంకలు పెట్టే గుణం. ముగ్గురు మనుషులు, ఒకే సంభాషణ, మూడు అర్థాలు. అయినా ఎవరూ కొట్టుకోలేదు. చివరికి కథానాయికకూ హెన్రీకీ పెళ్లి కూడా అయింది.

ఎదురుగా 'సిల్లీ' గతి చూడండి. పాత ఇంగ్లీషులో దాని పూర్వీకుడు 'సేలిగ్' అంటే ధన్యుడు, దైవకృప కలవాడు. ధన్యుడు కాస్తా అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడదగ్గవాడయ్యాడు, చివరికి తెలివితక్కువవాడు అయి కూర్చున్నాడు. మూర్ఖుడు మెట్లెక్కుతుంటే ధన్యుడు అదే మెట్లు దిగాడన్నమాట. కనుక ఇకమీదట మిమ్మల్ని ఎవరైనా సిల్లీ అంటే చేతులు జోడించండి, నైస్ అంటే లాయర్ని పిలవండి.

తెలుగువాళ్లం మాత్రం ఈ మాటను ఊరికే వాడుకోలేదు, సొంత పెట్టుబడి పెట్టాం. పొడి నైసుగా ఉండాలంటాం. అందులో ఆ పాత సూక్ష్మార్థం చెక్కుచెదరలేదు. బాకీ తీర్చాల్సిన సమయానికి నైసుగా జారుకుంటాం. ఎవరి దగ్గరైనా పని పడితే నైస్ చేస్తాం. ఇంగ్లీషువాడికి ఈ తెలివి పుట్టలేదు.

అసలు ఈ మాటను సరిగ్గా నిర్వచించింది మాత్రం సాహిత్యకారులు కాదు, కంప్యూటర్ వాళ్లు. 1970లలోనే యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నైస్ అనే ఆదేశం పెట్టారు. ప్రాసెసర్ కోసం పోటీ పడే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఒక నైస్ విలువ ఉంటుంది. యూనిక్స్ బాటలోనే వచ్చిన ఇప్పటి లినక్స్‌లో అది మైనస్ 20 నుంచి 19 దాకా. ఎంత నైస్ అయితే అంత వెనక్కి. 19 వాడు పక్కకు జరిగి, పోటీ ఉన్నప్పుడు తనకు దక్కే చిన్న వాటాతో సరిపెట్టుకుంటాడు. మైనస్ 20 వాడు ముందుకొచ్చి చాలావరకు లాగేసుకుంటాడు. మామూలు వినియోగదారుడు తన నైస్‌ని ఎంతైనా పెంచుకోవచ్చు, అనుమతి అడిగేవాడు లేడు. ఒకసారి పెంచాక మాత్రం, 'తొందరపడ్డాను, కాస్త తగ్గించుకుంటాను' అంటే సాధారణంగా కుదరదు. సున్నా కిందికి దిగాలన్నా అంతే, రూట్ అధికారం, అంటే కంప్యూటర్ మీద సర్వాధికారం ఉండాలి.