నైన్త్ గ్రేడ్‌లో ‘సి’ వస్తే ఏం పోయింది?

నైన్త్ గ్రేడ్ రిపోర్ట్ కార్డులో రెండు ‘సి’లు కనబడ్డాయంటే చాలు, అమెరికాలోని మన ఇళ్ళలో హడావిడి మొదలవుతుంది. ముందు ట్యూటర్ వస్తాడు, వెనకే కన్సల్టెంటు. టెన్త్‌కి కోర్సులు ఎంచుకునే వేళకి, పోయినదంతా ఒక్క ఏడాదిలో రాబట్టాలన్న పట్టుదలతో కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసు ఒకటి చాలనుకున్న చోట మూడు చేరతాయి. నా మాట సూటిగా చెప్తాను: ఆ రెండు ‘సి’లు చేసే నష్టం కన్నా, వాటిని చూసి మనం పడే కంగారు చేసే నష్టమే ఎక్కువ.

ఈ కంగారు ఎక్కడిదో ఊహించడం కష్టం కాదు. మనలో చాలామందిమి ఎంసెట్ రాసి వచ్చినవాళ్ళం. ఒక్క పరీక్ష, ఒక్క ర్యాంకు. ర్యాంకు బాగుంటే ఇంజనీరింగ్ సీటు ఇచ్చేటప్పుడు పదో తరగతి మార్కులు ఎవరూ అడగలేదు. ఇక్కడ హైస్కూల్ మొదటి సెమిస్టర్ నుంచీ గ్రేడ్లన్నీ ట్రాన్స్‌క్రిప్ట్‌లోకి, అంటే కాలేజీలకి పంపే మార్కుల పట్టికలోకి, ఎక్కుతాయి. అక్కడికి మన భయం సబబే. కానీ ఆ కాగితాన్ని ఎవరు ఎలా లెక్కేస్తారో కనుక్కోకుండానే భయపడుతున్నాం. లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు ముందు ఇది తెలుసుకోవాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లు జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, కట్టేటప్పుడు నైన్త్ పూర్తయిన వేసవి నుంచి లెవెన్త్ పూర్తయిన వేసవి దాకా చదివిన ఏ-జీ కోర్సుల (యూసీలో చేరాలంటే హైస్కూల్లో చదివి ఉండాల్సిన సబ్జెక్టుల) గ్రేడ్లనే తీసుకుంటాయి. నైన్త్ గ్రేడ్లు అప్లికేషన్‌లో రాయాలి, చదివేవాళ్ళకి కనిపిస్తాయి కూడా. కానీ సగటులోకి రావు. ఉదాహరణకి ఒక అమ్మాయికి నైన్త్‌లో 3.0, టెన్త్‌లో 3.8, లెవెన్త్‌లో 4.0 ఉన్నాయనుకోండి. మూడేళ్ళూ కలిపితే 3.6. యూసీ లెక్కలో, ఆనర్స్ లాంటి కష్టమైన కోర్సులకి ఇచ్చే అదనపు పాయింట్లు కలపకముందే, 3.9. పిల్ల అదే, కాగితం అదే.

ఇంకో సంగతి. నైన్త్‌లో వచ్చిన ‘సి’ని సమ్మర్ స్కూల్లో మళ్ళీ చదివించి ‘ఎ’ చేయిద్దామని చాలామంది చూస్తారు. ‘డి’ గానీ ‘ఎఫ్’ గానీ వస్తే అది తప్పనిసరి, ఎందుకంటే ఏ-జీ కోర్సుల్లో కనీసం ‘సి’ ఉండాలి. ‘సి’ వచ్చినదాన్ని మళ్ళీ చదివితే మాత్రం కొత్త గ్రేడ్‌ని యూసీ లెక్కలోకి తీసుకోదు. ఆ వేసవి వృథా.

టెక్సస్‌లో కథ తిరగబడుతుంది. 1997 నాటి చట్టం ప్రకారం క్లాసులో పై పది శాతంలో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ (యూటీ ఆస్టిన్) మాత్రం ఆ గీతని పైకి జరుపుకుంటూ పోయింది. 2026 ఫాల్‌లో చేరేవాళ్ళకి అది 5 శాతం. ర్యాంకు లెవెన్త్ చివరిది చూస్తారు, అందులో నైన్త్ కూడా కలిసే ఉంటుంది. మన పిల్లలు కిక్కిరిసిన ఫ్రిస్కో, ప్లేనో లాంటి చోట్ల నైన్త్‌లో రెండు ‘సి’లు వస్తే ఆ 5 శాతం ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. దాచి లాభం లేదు, పిల్లలకి ఆ మాట చెప్పెయ్యాలి. అయితే నేరుగా సీటు వచ్చినవాళ్ళకి కూడా యూనివర్సిటీ ఖాయం గానీ కోరిన మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఖాయం కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్‌లకి అందరి ఫైళ్ళూ చదివే ఎంపిక చేస్తారు. అంటే ఆ గీత కింద ఉన్నవాడికి ఒక తలుపు మూసుకుందే తప్ప ఇల్లంతా తాళం పడలేదు.

ఈమధ్య ఒకబ్బాయి ట్రాన్స్‌క్రిప్ట్ చూశాను. నైన్త్‌లో ఆనర్స్ బయాలజీ ‘సి’, ఇంగ్లీష్ ‘సి ప్లస్’, జామెట్రీ ‘బి మైనస్’. టెన్త్‌లో ఆనర్స్ మాని మామూలు కెమిస్ట్రీ తీసుకున్నాడు, ‘ఎ’. ఆల్జీబ్రా టూ ‘ఎ మైనస్’. లెవెన్త్‌లో ఒకే ఒక్క ఏపీ, అదీ కెమిస్ట్రీలోనే, మళ్ళీ ‘ఎ’. ట్వెల్త్‌కి ఏపీ కాలిక్యులస్, ఏపీ ఫిజిక్స్. చక్కగా మెట్టు మెట్టూ ఎక్కినట్టుంది. వాళ్ళ నాన్నగారికి మాత్రం ఆ మామూలు కెమిస్ట్రీ దగ్గరే నామర్దా. “ఆనర్స్ నుంచి దిగిపోయాడని అనుకుంటారేమోనండీ” అన్నారు. అనుకోనివ్వండి. నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో తెలివైన నిర్ణయం అదే. టెన్త్‌లో మూడు ఏపీలు ఎత్తుకుని ఉంటే ఇంకో మూడు ‘సి’లు వచ్చేవి. అప్పుడు నైన్త్ సంగతి ఏదో పొరపాటని నమ్మేవాళ్ళెవరు?

ఇక సంజాయిషీ. చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్‌గా పనికొచ్చే కామన్ యాప్‌లో ‘అడిషనల్ ఇన్ఫర్మేషన్’ అనే చోటు ఉంటుంది, ఇప్పుడు 300 పదాలకి కుదించారు. దాని మీద మన పెద్దవాళ్ళ చెయ్యి పడగానే భాష మారిపోతుంది. “అనేక ప్రతికూల పరిస్థితులను అధిగమిస్తూ నాలోని పట్టుదలను కనుగొన్నాను” తరహాలో పేరా తయారవుతుంది. నిజానికి ఆ పిల్ల చెప్పాల్సింది ఇంతే: “నైన్త్ మధ్యలో నాన్న ప్రాజెక్టు మారి షార్లెట్ నుంచి డాలస్ వచ్చాం. జనవరిలో చేరేసరికి కొత్త స్కూల్లో జామెట్రీ వేరే వరుసలో సగం అయిపోయింది.” రెండు వాక్యాలు చాలు. వీసా మీద ఉన్న ఇళ్ళలో ఇలాంటి మార్పులు మామూలే కాబట్టి మనకది కారణంలా కూడా అనిపించదు. చదివేవాళ్ళకి అనిపిస్తుంది. అసలు కారణమే లేకపోతే, వాడు ఆ ఏడాది వీడియో గేముల్లో మునిగి ఉంటే, ఏమీ రాయకండి. తర్వాతి గ్రేడ్లే మాట్లాడతాయి. ఏ సంగతైనా స్కూల్ కౌన్సెలర్‌కి లెవెన్త్‌లోనే చెప్పి ఉంచడం మంచిది. రిపోర్ట్ రాసి పంపేది ఆవిడే. మనవాళ్ళు ట్వెల్త్ అక్టోబర్‌లో మొదటిసారి వెళ్ళి పరిచయం చేసుకుంటారు.

ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే చేరతామని మాటిచ్చి ఒక కాలేజీకి ముందుగా వేసే అప్లికేషన్) వేయించే ముందు కూడా ఒకసారి ఆగాలి. గడువు సాధారణంగా నవంబర్ మొదట్లో ఉంటుంది, అప్పటికి ట్వెల్త్ సెమిస్టర్ గ్రేడ్లు రావు. ఏటేటా మెరుగవుతున్న పిల్లలకి ఆ గ్రేడ్లే పెద్ద బలం. రెగ్యులర్‌లో వేస్తే కౌన్సెలర్ పంపే మిడ్-ఇయర్ రిపోర్ట్‌తో అవీ చేరతాయి. ఎర్లీలో అవకాశాలు ఎక్కువన్న లెక్క వీళ్ళకి అంత సులువుగా వర్తించదని నా నమ్మకం.

ఇంత చెప్పి ఇంకోటి దాచకూడదు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి చోట్ల నూటికి ఐదుగురికి కూడా సీటు రాదు. అన్నీ ‘ఎ’లే ఉన్నవాళ్ళే వేలల్లో వెనక్కి వస్తున్నారు. గ్రేడ్లు పెరుగుతున్నట్టు చూపిస్తే అక్కడ సీటు ఖాయం అనే కన్సల్టెంటుకి పైసా ఇవ్వకండి. సెలెక్టివ్ కాలేజీ అంటే మనవాళ్ళు ఐవీ లీగ్‌లోని ఎనిమిది పేర్లే చెప్పుకుంటారు. దాని అవతల గట్టి కాలేజీలు బోలెడున్నాయి.

పైగా ఇంకో దారి ఉంది, మన విందుల్లో ఎవరూ పైకి అనరు: రెండేళ్ళ చదువుండే స్థానిక కమ్యూనిటీ కాలేజీ. కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలోకి, యూసీకి మారేవాళ్ళని ప్రధానంగా కాలేజీ గ్రేడ్లతోనే తూస్తారు, హైస్కూల్ జీపీఏతో పని ఉండదు. డేవిస్, అర్వైన్, శాంటా బార్బరా సహా ఆరు క్యాంపస్‌లు షరతులు పూర్తిచేస్తే సీటు ఇస్తామని ముందే హామీ ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజలస్, శాన్ డియేగో ఆ హామీలో లేవు, అయినా ట్రాన్స్‌ఫర్ విద్యార్థులని తీసుకుంటాయి. కొన్ని క్యాంపస్‌లలో కంప్యూటర్ సైన్స్‌కి హామీ వర్తించదు, కాబట్టి మొదటి సెమిస్టర్‌లోనే అక్కడి కౌన్సెలర్‌ని అడగాలి.

మన సంఘం యూత్ కమిటీకి ఒక మనవి. ఏటా అడ్మిషన్ల సెషన్‌లో మైకు ఇచ్చేది వాలెడిక్టోరియన్లకే (స్కూల్ ఫస్ట్ వచ్చినవాళ్ళకే). వాళ్ళకి చప్పట్లు కొడదాం, తప్పేం లేదు. ఈసారి మాత్రం పక్కన ఇంకో కుర్చీ వేసి, కమ్యూనిటీ కాలేజీ మీదుగా యూసీకి వెళ్ళిన అమ్మాయినో, నైన్త్‌లో ‘సి’ తెచ్చుకున్న అబ్బాయినో కూర్చోబెట్టండి. సెషన్ అయ్యాక తల్లిదండ్రులు చుట్టూ మూగేది ఆ కుర్చీ దగ్గరేనని నా పందెం.