పిల్లల ఆటా, కంపెనీల వేటా?

ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట పబ్జీని 2020 సెప్టెంబర్‌లో కేంద్రం బ్యాన్ చేసినప్పుడు చాలా ఇళ్ళల్లో అమ్మానాన్నలు హమ్మయ్య అనుకున్నారు, పిల్లలేమో వారం తిరక్కుండా అలాంటిదే ఇంకో ఆట ఫ్రీ ఫైర్‌లోకి దూరిపోయారు. నిజానికి ఆ బ్యాన్ పెట్టింది దేశ భద్రత, డేటా గొడవ మీద, మనవాళ్ళ చదువుల కోసం కాదు. తర్వాత 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, 2022లో పోయింది, 2023లో మళ్ళీ తిరిగొచ్చింది. ఫ్రీ ఫైర్‌ని తీసేస్తే దాని మ్యాక్స్ వెర్షన్ ప్లేస్టోర్‌లో హాయిగా ఉంది. ఇంత జరిగాక కూడా సాయంత్రమైతే రామాలయం అరుగు మీద నలుగురు కుర్రాళ్ళు తలలొంచుకుని "రేయ్ వెనకాలున్నాడ్రా, రివైవ్ ఇవ్వరా" అని అరుచుకుంటూనే ఉన్నారు. అందుకే బ్యాన్ చెయ్యండి అనే పాట మేము పాడదలుచుకోలేదు.

ఆటలో మజా లేదని అంటే అది అబద్ధం. వందమంది ప్యారాచూట్‌లో ఒక దీవి మీద దిగుతారు, దొరికిన తుపాకీ ఏరుకుంటారు, జోన్, అంటే ఆడే చోటు, చిన్నదవుతూ ఉంటుంది, చివరికి మిగిలిన స్క్వాడ్‌కి, అంటే జట్టుకి, చికెన్ డిన్నర్, అదే గెలుపు. డబ్బులు కట్టక్కర్లేదు, ఓ మాదిరి ఫోన్ చాలు, 2016లో జియో వచ్చాక డేటా సంగతి సరేసరి. అంతకన్నా పెద్ద విషయం, పక్కన మనుషులుంటారు. క్లాసులో నోరు విప్పని కుర్రాడు ఇక్కడ "నువ్వు లెఫ్ట్ కవర్ చెయ్, నేను స్మోక్ వేస్తా" అని ముగ్గురిని నడిపిస్తాడు. ఎమ్మెస్‌కి డాలస్ వెళ్ళినవాడూ గుంటూరులో మిగిలిపోయినవాడూ వీకెండ్‌లో ఇక్కడే కలుస్తారు, ఫైటింగ్ లేని టైంలో ఇంటి కబుర్లు, ఉద్యోగం కబుర్లు అన్నీ మైక్‌లోనే అయిపోతాయి.

కానీ వదల్లేకపోవడానికి కారణం కూడా ఆ మనుషులే. ఒక్కడే ఆడుకునే గేమ్‌ని ఎక్కడైనా ఆపొచ్చు, దీనికి పాజ్ బటన్ లేదు. మ్యాచ్ చివరిదాకా వెళ్తే దాదాపు అరగంట. అమ్మ అన్నానికి పిలిచినప్పుడు వాడు "రెండు నిమిషాలమ్మా" అంటాడు, అది అబద్ధమే, కానీ లేచొస్తే మిగతా ముగ్గురూ పోతారు, ర్యాంక్ పడిపోతుంది, రేపు కాలేజీలో తిట్లు వాడికే. నాన్న వచ్చి వైఫై పీకేస్తాడు, ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. మేము చెప్పేది ఏంటంటే గంటలు కాదు, మ్యాచ్‌లు లెక్కపెట్టండి. "ఇంకో రెండు మ్యాచ్‌లు, తర్వాత భోజనం" అని ముందే మాట తీసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. మిగతా సగం తగ్గవు, ఎందుకంటే లాస్ట్ జోన్‌లో చచ్చినవాడికి ఇంకొక్కటి ఆడాలనిపిస్తుంది, సీజన్ అయిపోగానే ర్యాంక్ కిందికి దించేస్తారు కాబట్టి మళ్ళీ మొదట్నుంచి ఎక్కాలి. ఇది పిల్లల బలహీనత మాత్రమే కాదు, ఆట కట్టిన విధానమే అది.

మైక్ సంగతి వేరే చెప్పాలా. ముక్కూమొహం తెలియని వాళ్ళ నోట్లోంచి వచ్చే బూతులు పదేళ్ళ పిల్లాడి చెవిలో పడుతుంటాయి. ఇక గొంతు వింటే వేధిస్తారని మైక్ ఆపేసి, మగ పేరు పెట్టుకుని ఆడే అమ్మాయిలు ఉన్నారు. ఆడుకోవడానికి కూడా దాక్కోవాల్సి రావడం ఏం న్యాయం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల లిస్టులో పెట్టింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. అయితే చదువు, నిద్ర, తిండి, స్నేహాలు బాగా దెబ్బతిని మామూలుగా ఏడాది పాటు అదే తీరు కొనసాగితేనే ఆ పేరు పెట్టాలని కూడా చెప్పింది. సెలవుల్లో నాలుగు మ్యాచ్‌లు ఎక్కువ ఆడినోడిని పట్టుకుని అడిక్ట్ అనేయకండి.

మాకు నిజంగా కోపం తెప్పించేది డబ్బు విషయం. తుపాకీకి రంగు మారే స్కిన్ కావాలంటే యూసీలు, అంటే ఆటలో చెల్లే నాణేలు, కొనాలి, వాటితో క్రేట్ అనే పెట్టె తెరవాలి, లోపల ఏమొస్తుందో తెలీదు, వచ్చేదాకా తెరుస్తూనే ఉండాలి. అమ్మ ఫోన్‌లో యూపీఐ, పిన్ పిల్లాడికి తెలుసు. బీజీఎంఐ 2021లో వచ్చినప్పుడు 18 ఏళ్ళలోపు వాళ్ళకి పెట్టిన ఖర్చు పరిమితి ఎంతో తెలుసా, రోజుకి 7,000 రూపాయలు! నెలకి కాదండీ, రోజుకి. మన ఊళ్ళల్లో ఎన్ని ఇళ్ళకి నెలంతా కిరాణా ఖర్చు అంత? బెల్జియం ఇలా డబ్బులు పెట్టి తెరిచే పెట్టెల్ని 2018లోనే జూదం కింద లెక్కేసింది. మన కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చి డబ్బులు గెలుస్తామని ఆశపెట్టి ఆడించే గేమ్‌లని నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లని, ప్రోత్సహిస్తామంది, మంచిదే. క్రేట్ తెరిస్తే డబ్బు తిరిగిరాదు కాబట్టి అది జూదం కాదని కంపెనీలు వాదించుకోవచ్చు, పోయేది మాత్రం నిజమైన డబ్బే కదా. మైనర్ల అకౌంట్లలో క్రేట్ల అమ్మకం పూర్తిగా ఆపాలి, పెద్దవాళ్ళకైతే ఏ వస్తువు వచ్చే ఛాన్స్ ఎంతో కొనే బటన్ పక్కనే పెద్ద అక్షరాలతో చూపించాలి, చిన్నపిల్లలు పోగొట్టిన డబ్బు తల్లిదండ్రులు అడిగితే వెనక్కివ్వాలి. కేంద్ర ఐటీ శాఖ ఈ మూడూ రూల్స్‌లో పెట్టాలని మేము డిమాండ్ చేస్తున్నాం.