కారుకు దక్కిన జాగా

సెల్లార్‌లో ఒక కారు పెట్టాలంటే, అది తిరిగే దారితో కలిపి 32 చదరపు మీటర్లు కావాలన్నది మన దేశంలో పట్టణ ప్రణాళికలు వేసేవాళ్ల లెక్క. అంటే దాదాపు 344 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్లలో అన్నిటికన్నా చిన్నది 300 చదరపు అడుగులు. అందులోనే ఒక కుటుంబం వండుకుని తిని, పిల్లల్ని చదివించుకోవాలి. ఆ ఇంటికోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లున్నారు. కోఠిలోనో అమీర్‌పేటలోనో రోడ్డు వారన ఆగే కారుకు అలాంటి ఎదురుచూపులేమీ లేవు. సందు దొరికితే చాలు, గంటలకొద్దీ ఆ చోటు దానిదే.

హైదరాబాద్‌లో పార్కింగ్ చాలడం లేదన్న మాట రోజూ వినబడేదే. మా దృష్టిలో అసలు చిక్కు చోటు చాలకపోవడం కాదు. ఊళ్లో అన్నిటికన్నా ఖరీదైన నేలను ఊరికే ఇచ్చేస్తూ, ఆ నేల మిగిలే ఉందన్నట్టు భవనాలకు అనుమతులివ్వడం. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఇన్ని రెట్లకు మించి కట్టకూడదన్న హద్దు, ఎత్తేశారు. అప్పటి నుంచి ఎంత ఎత్తు కట్టవచ్చన్నది ప్రధానంగా ముందున్న రోడ్డు వెడల్పును, భవనం చుట్టూ వదిలిన ఖాళీని (సెట్‌బ్యాక్) బట్టి తేలుతోంది. ఆ వెడల్పు కాగితం మీదిది. 40 అడుగుల రోడ్డుకు రెండు వైపులా కార్లు ఆగితే నడవడానికి, నడపడానికి కలిపి మిగిలేది పాతిక అడుగులే. అనుమతి మాత్రం 40 అడుగుల లెక్కనే ఇస్తారు.

భవనం లోపలి పార్కింగ్‌ది ఇంకో తంతు. కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం బళ్లకు వదలాలని నిబంధన ఉంది. ప్లాన్‌లో చూపిస్తారు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా ఖాళీగానూ ఉంచుతారు. ఆ తర్వాత చాలా చోట్ల అక్కడే మందుల షాపు, డయాగ్నస్టిక్ సెంటర్, గోడౌన్ వెలుస్తాయి. వాటికి వచ్చేవాళ్ల బళ్లు రోడ్డెక్కుతాయి. అపార్ట్‌మెంట్ గేట్లకు ‘విజిటర్స్ వాహనాలు బయటే పెట్టవలెను’ అన్న బోర్డు ఉండనే ఉంటుంది. ఆ బయట ఎవరిదో బోర్డు రాయించినవారు అడగరు, కార్పొరేషనూ అడగదు. భవనాల కింది భాగాల్ని ఇలా పట్టించుకోకుండా వదిలేయడం ప్రాణాల మీదికీ వస్తోంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఓ హోటల్ కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి 8 మంది చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో పెట్టిన రసాయన డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది బలయ్యారు. ఇలాంటివి జరిగినప్పుడు నాలుగు రోజులు తనిఖీలంటారు. ఏటా తనిఖీ చేసి, ఫలితాన్ని జనం చూసేలా బయటపెట్టే ఏర్పాటు కావాలి.

ఇక డబ్బు సంగతి. తెలంగాణలో 2018 నాటి జీవో 63 ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట అందరికీ, ఏదైనా కొన్న బిల్లు చూపితే గంటదాకా పార్కింగ్ ఉచితం. అంతకుముందు వసూళ్లు చూసినవాళ్లు సంతోషించడం సహజమే. కానీ సెల్లార్లు తవ్విన ఖర్చు ఎక్కడికీ పోదు. దుకాణాల అద్దెలోకి, అక్కడి నుంచి సరుకు ధరలోకి చేరుతుంది. బస్సు దిగి వచ్చిన అమ్మాయి కూడా కారాయన పార్కింగ్‌కు తన వంతు కడుతోంది. మరోవైపు 2024 ఆగస్టులో నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర ఉచిత పార్కింగ్ తీసేస్తామనగానే ప్రయాణికులు నిరసనకు దిగారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కాలనీ నుంచి స్టేషన్‌కు సరైన బస్సుంటే చాలామంది బండి తీసేవాళ్లే కాదు. మాల్‌కు కారులో పోతే ఉచితం, మెట్రో ఎక్కడానికి బైకు మీద పోతే రుసుము. ఇదెక్కడి వరస?

రుసుము అనగానే వ్యాపారులు బేరాలు పోతాయంటారు. కాలిఫోర్నియాలోని పాసడీనా పాత బజారులోనూ అదే అన్నారు. పార్కింగ్ మీటర్ల డబ్బు ఆ వీధుల ఫుట్‌పాత్‌లకు, దీపాలకు, శుభ్రతకే ఖర్చుపెడతామని నగరం మాటిచ్చాక ఒప్పుకున్నారు. 1993లో మీటర్లు వచ్చాయి, వెలవెలబోయిన బజారు మళ్లీ కళకళలాడింది. ఈ అనుభవాన్ని లోకానికి చాటిన ఆచార్యుడు డొనాల్డ్ షౌప్. అంత దూరం ఎందుకు, చెన్నై పాండీబజార్‌లో 2019లో ఫుట్‌పాత్‌లు వెడల్పు చేసి నడిచేవాళ్లకు చోటిచ్చారు. మన దగ్గర ఫుట్‌పాత్ మీది తోపుడుబండిని తోలేస్తారు. 2014 చట్టం వీధి వ్యాపారికి హక్కిచ్చినా సరే. ఆ ఖాళీలో కారు వచ్చి ఆగితే చలానాతో సరి.

రోడ్డు మీది పార్కింగ్‌కు రుసుము పెట్టడం కోఠి, సుల్తాన్ బజార్‌లలో మొదలుపెట్టాలని మా సూచన. ఆక్రమించిన చోటును బట్టి రుసుము ఉండాలి. కారు చోటులో దాదాపు నాలుగు బైకులు పడతాయి గనుక బైకుకు పావు వంతు చాలు. వసూలైన ప్రతి రూపాయీ ఎక్కడ ఖర్చయిందో ఆ వీధిలోనే బోర్డు పెట్టాలి.

217 చదరపు కిలోమీటర్లలో కడుతున్న అమరావతికి పాత తప్పుల బరువు తక్కువ. ఇన్ని కార్లకు తప్పక చోటు చూపాలన్న కనీస నిబంధనను మెక్సికో సిటీ 2017లో తీసేసి, ఇంతకు మించి కట్టకూడదన్న గరిష్ఠ పరిమితి పెట్టింది. బస్సు, మెట్రో మార్గాలకు నడక దూరంలో వచ్చే భవనాలకు అలాంటి పరిమితిని రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ ఇప్పుడే రాసుకోవాలి. టవర్లు లేచాక సెల్లార్లను పూడ్చమని ఎవరికీ చెప్పలేరు.